ఉపవాసం, ఇరవై ఆరో రోజు

నా చెంప నేనే వాయించుకుంటే తీరే కోపం కాదిది. నాలుగేళ్ల కిందట నంద్యాల హోటల్లో నా గొంతే నా పరువు తీసింది. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇంకా మండుతూనే ఉంది.

మా ఆళ్లగడ్డ సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరిస్తారు. దాహం గురించిన ఐదో మాట ఏళ్ల తరబడి మా నాయనది. ఆయన పోయాక మా పాస్టరు అయ్యగారు దాన్ని నాకిస్తానన్నారు. నేనూరుకుంటానా? గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమదినాలు నలభై రోజులూ ఉపవాసముండి, రోజుకో వీడియో పెట్టి లోకాన్ని బండకేసి ఉతికేద్దామనుకున్నాను.

బావమరిది కెమెరా ఒక్క రోజే ఇచ్చాడు. నలభై వీడియోలూ ఆ ఒక్క రోజే తీశాను. పదకొండు చొక్కాలు మార్చాను. ఇరవయ్యో రోజు దాటాక నీరసం కనబడాలని, కళ్ల కింద మా ఆవిడ కాటుక పులుముకున్నాను. ఇంత దొంగ వేషం వేస్తూ తిట్టింది ఎవరినయ్యా అంటే, వేషధారులను. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకటి దానంతటదే బయటికొచ్చేలా పెట్టి, మళ్లీ అటు తొంగి చూడలేదు.

ఉపవాసం మాత్రం నిజంగానే చేశాను, ఇరవై అయిదు రోజులు. ఇరవై ఆరో రోజు పనిబడి నంద్యాల వెళ్లాను. బస్టాండు ఎదుట హోటల్లో బిరియాని గుండిగ మూత తీశారు. ఆ ఆవిరి నన్ను కాలరు పట్టుకొని లోపలికి ఈడ్చుకెళ్లింది. ఇక్కడ నన్నెవరు గుర్తుపడతారులే అని గోడవైపు తిరిగి కూర్చున్నాను.

ఎముక నోట్లో ఉండగా వెనక బల్ల నుంచి తిట్లు మొదలయ్యాయి.

"ఇప్పుడే మోకాళ్ల మీద నుంచి లేచి మాట్లాడుతున్నాను. ఓ వేషధారీ, ఈ శ్రమదినాల్లో నీ పళ్లెంలో ఉన్నదేమిటి?"

ఎక్కడో విన్న గొంతు. నాదే. మెల్లగా తిరిగి చూశాను. మా సంఘంలో ముందు వరుసలో కూర్చునే రత్నమ్మవ్వ. కంటి డాక్టరు దగ్గరికి వచ్చి, పెరుగన్నం తింటూ, నా వీడియోను హోటలంతా వినబడేలా పెట్టుకుంది.

అవ్వ ఫోను చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫోను చూసింది.

"ఏమప్పా దానియేలూ, ఈడ తింటాండావు, ఆడ పస్తుండావు. ఇద్దర్లో నువ్వెవరు?"

"అవ్వా, కంట్లో చుక్కలేసినారు గదా, సరిగ్గా కనపడదేమో."

"కండ్లకే గదా చుక్కలేసింది, ముక్కుకేమైంది? మసాలా వాసన ఈడిదాకా వస్తాంది."

"అయ్యగారికి చెప్పొద్దవ్వా."

"నేనేం చెప్పను. తిను, సల్లారిపోతాది."

అవ్వ నిజంగానే చెప్పలేదు. ఆమె చెప్పి ఉంటే ఆమెను తిట్టుకొని బతికేవాణ్ని. మూడు రోజులు నాలో నేనే ఉడికి, ఆదివారం అయ్యగారి ముందు నిలబడి అన్నీ ఒప్పుకున్నాను.

"ఆకలైంది, తిన్నావు. అది సరే," అన్నారాయన. "కాటుక యాల పూసుకున్యావప్పా?"

నేను చొక్కా కొసతో కళ్ల కింద తుడుచుకున్నాను.

గుడ్ ఫ్రైడే నాడు ఐదో మాట రత్నమ్మవ్వకిచ్చారు. నన్ను వాకిట్లో నీళ్ల బిందె దగ్గర నిలబెట్టారు. మా నాయన నిలబడే చోట అవ్వ నిలబడి, ఒక్క నిమిషంలో ముగించింది.

"దాహమైతే దాహమన్నాడు నా తండ్రి. దాపెట్టుకోలేదు. అంతే. ఒరే దానియేలూ, గలాసు నీళ్లు తేప్పా."

తీసుకెళ్లి ఇచ్చాను.

ఒట్టు పెట్టుకోవడం మాకు కూడదు కనుక, ఇందుమూలముగా తీర్మానిస్తున్నాను. మిగిలిన పద్నాలుగు వీడియోలు నంద్యాల నుంచి వచ్చిన రోజే చెరిపేశాను. ఇక ఉపవాసమున్న నాడు కెమెరా ముట్టను. కెమెరా ముట్టిన నాడు, ముందుగా కడుపునిండా బిరియాని తింటాను, అదీ రత్నమ్మవ్వ ఎదురుగా కూర్చుని.