బంగార్రాజు గారి వైపు తిరగని కెమెరా

బంగార్రాజు గారు తాడేపల్లిగూడెం ఊరి చివర మా ఇంజనీరింగ్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా ప్రొఫెసరు. నేను ఆయన ల్యాబులో అటెండర్ని. ఆయన పాండిత్యం ఎంత లోతో నాకు బాగా తెలుసు. అందులో దిగితే చీలమండ కూడా తడవదు.

ఆయనకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, ఫొటో దిగడం. కలిదిండి చేపల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పెట్టె కోసం పిల్లలు నెలరోజులు ఎండలో మాడారు. చివర్లో ఈయన వెళ్లి పడవెక్కి, ఫొటో దిగి పేపరుకు పంపించారు. ఆ పడవ గట్టుకు కట్టేసే ఉంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

పెర్సిస్ అని మా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. మూడేళ్లు కష్టపడి ఒక కెమెరా తయారుచేసింది. వరుసగా బిగించిన ఎనిమిది మైకులు మాట ఎటు నుంచి వచ్చిందో పసిగడతాయి. కెమెరా అటు తిరిగి, పెదవులు కదులుతున్న ముఖం ఎక్కడుందో వెతికి దాన్నే తెర మీద చూపిస్తుంది. రిపోర్టు అట్ట మీద మాత్రం బంగార్రాజు గారి పేరొక్కటే ఉంది. అది అలాగే పాసైతే ఆ పిల్ల మూడేళ్లూ మట్టిపాలే.

ఆ కెమెరాను పరీక్షించడానికి యూనివర్సిటీ నుంచి విజయకుమారి గారనే పెద్దావిడ వచ్చారు. అంతకుముందే బంగార్రాజు గారు పెర్సిస్‌ను పిలిచి, "నువ్వు నా వెనకాల కూర్చోమ్మా. ఆవిడ ఏవన్నా అడిగితే మెల్లగా అందించు, చాలు" అన్నారు. సిగ్గు కూడా పడలేదు.

ఆయన నమస్కారం చెప్పి మొదలుపెట్టగానే తెర నిండా ఆయన ముఖమే. "ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏం చేస్తుందండీ?" అని విజయకుమారి గారు అడిగారు. ఆయన గొంతు సవరించుకుని, ఓరగా వెనక్కి చూశారు. వెనక నుంచి పెర్సిస్ గుసగుసగా జవాబు అందించింది. కెమెరా ఆయన భుజం మీదుగా జరిగి ఆమె ముఖం దగ్గర ఆగింది.

"మిషను పొరబడిందండీ," అన్నారాయన.

"అయితే ఇది పనిచెయ్యదంటారా?"

"అబ్బెబ్బే! బ్రహ్మాండంగా పనిచేస్తుందండీ!"

"అలాగైతే సరిగ్గానే తిరిగిందన్నమాట. నీ పేరేంటమ్మా?"

"పెర్సిస్ అండీ."

విజయకుమారి గారు రిపోర్టు అట్ట మీద ఆ పేరు రాసి, "మిగతాది కూడా నువ్వే చెప్పు" అన్నారు. పెర్సిస్ లేచి చెప్పడం మొదలుపెట్టింది. బంగార్రాజు గారు తెరలోకి రావాలని మెడ సాచారు, పక్కకు జరిగారు, చెయ్యి కూడా ఊపారు. ఒక్క మాట మాట్లాడితే చాలు, కెమెరా ఆయన వైపు తిరిగేది. ఆ కెమెరా గురించి చెప్పడానికి ఆయన దగ్గర ఆ ఒక్క మాటా లేదు.