ఎడమ రెక్క దగ్గర కొత్తల్లుడు

విమానం తనంతట తాను వెనక్కి నడవలేదు. తలుపులు మూసుకున్నాక ముందు చక్రానికి ఇనుప కడ్డీ తగిలించి, బండితో దాన్ని నెట్టే మనిషొకడు ఉండాలి. ఆ బండి నడుపుతూనే పెద్దాయన జుట్టు నెరిసింది. నెట్టేటప్పుడు ఆయనకు కనిపించేది విమానం ముక్కూ పొట్టా. తోక వెనకేముందో తెలీదు. అందుకే రెక్కకొకరు చొప్పున, వెలిగే కర్రలు పట్టుకుని పక్కన నడుస్తారు. కర్రలు నిటారుగా ఉంటే రావచ్చు. తలపైన అడ్డంగా కలిపితే ఉన్నచోటే ఆగాలి.

ఎడమ రెక్క చెల్లెమ్మది. తోడబుట్టింది కాదు, పనిలో కుదిరిన వరస.

"వదిన రాత్రి అన్నం పెట్టలేదా అన్నయ్యా? బండి నీరసంగా కదుల్తోంది," అనేది.

"పెట్టింది. నీ నోటికి తాళం పెట్టడమే మర్చిపోయింది," అనేవాడు.

తర్వాత కంపెనీ మనుషుల్ని తగ్గించింది. చెల్లెమ్మను సామాన్లు మోసే చోటికి పంపింది.

"ఎడమ పక్క బోసిగా కనపడితే తనిఖీవాళ్లు ఊరుకోరు. ఏదో ఒకటి చూడండి," అన్నాడు షిఫ్టు ఆఫీసరు.

పైలటుతో ఫోనులో మాట్లాడుతూ బండి పక్కన నడిచే మనిషిని అందరూ ఫోనాయన అంటారు. ఆ ఫోనాయనే రోడ్ల మీద పెట్టే కోనొకటి తెచ్చాడు. అందులో చీపురుకర్ర గుచ్చి, నారింజరంగు జాకెట్టు తొడిగి, గాలికి ఎగిరిపోకుండా చక్రాల కింద పెట్టే దిమ్మొకటి కట్టాడు. తన పాత టోపీ తీసి దాని నెత్తిన పెట్టింది మాత్రం పెద్దాయనే.

"కొత్తల్లుడొచ్చాడ్రోయ్! పని చెప్పకూడదు, మర్యాద తగ్గకూడదు!" అన్నాడు.

అందరూ పడీపడీ నవ్వారు.

నవ్వు ఆగిపోయింది గానీ అల్లుడు నిలిచిపోయాడు. ఫోనాయన కుడివైపు మాత్రమే చూసి, పైలటుకు "రెండు పక్కలా ఖాళీ" అని చెప్పేవాడు. మొదట్లో ఆ మాట దగ్గర గొంతు తగ్గేది. పోనుపోను తగ్గడం మానేసింది. పెద్దాయన అటు చూడటమే మానేశాడు. బొమ్మను ఎంతకాలమని చూస్తారు?

ఆ రోజు పొద్దుట్నుంచీ ముసురు. పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని ఆఫీసరు చెల్లెమ్మను లాక్కొచ్చి ఎడమ రెక్క దగ్గర నిలబెట్టాడు. అప్పటికే బండెక్కి కూర్చున్న పెద్దాయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాన కారుతున్న అద్దంలోంచి ఓరకంటికి నారింజ జాకెట్టు తగిలింది. ఫోనాయన అలవాటుగా కుడివైపే చూసి "రెండు పక్కలా ఖాళీ" అనేశాడు. పెద్దాయన అల్లుడున్నాడులే అనుకుని నెట్టాడు.

రెక్క దారిలో, ప్రయాణికులు ఎక్కే మెట్లబండి ఒకటి గీత దాటి నిలిపి ఉంది. చెల్లెమ్మ కర్రలు తలపైన అడ్డం పెట్టింది. ఇంజన్ల హోరులో ఆమె అరుపులు ఎవరికీ వినపడలేదు. పారిపోవచ్చు. కానీ ఆగమన్న మనిషి చేతులు దించితే రమ్మన్నట్టే. దించలేదు.

రెక్క కొస మెట్లను కొట్టిన చప్పుడుకు పెద్దాయన తల తిప్పాడు. అడ్డంగా వెలుగుతున్న రెండు కర్రలు కనిపించాయి. బొమ్మకు చేతులెక్కడివి అనుకున్నాడు ఒక్క క్షణం. అంతలో మెట్లు ఆమె మీదికి ఒరిగాయి.

ఆస్పత్రిలో ఆమె కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. పెద్దాయన మంచం దగ్గర తల దించుకు నిలబడితే ఆమే పలకరించింది.

"కూర్చో అన్నయ్యా. ఒకటి మిగిలిందిగా, ముద్ద నోటికి చేరకపోదు. ఆగమని చెప్పడానికే రెండూ కావాలి."

ఆయన కూర్చోలేకపోయాడు.

"నేను కర్రలు అడ్డం పెట్టనే లేదంటున్నారట. తప్పు నాదేనట, పైసా ఇవ్వరట. నిజమేనా?"

నిజమే. విచారణ ముందురోజు ఆఫీసరు పెద్దాయన భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడు: "ఆవిడ సైగ చెయ్యలేదను, చాలు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతోంది. "ఈ వయసులో ఇంకెవడిస్తాడు పని? నోరు మూసుకుంటే పోయేదానికి..." అని ఆగింది. కాసేపటికి తనలో తానే, "ఒంటిచేత్తో జడెలా వేసుకుంటుందో," అంది. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడిచింది.

విచారణ గదిలో పొడవాటి బల్ల, చల్లటి గాలి, పళ్లెంలో బిస్కెట్లు.

"ఆవిడ సైగ చేసిందా?" అడిగాడు కంపెనీ పెద్దమనిషి.

పెద్దాయన లేచి రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టాడు. "ఇలా చేసింది."

"మరి ఆపలేదేం?"

"చూడలేదు. తగిలాకే చూశాను. అక్కడ మనిషుండి చాన్నాళ్లయింది సార్. చీపురుకర్రకి జాకెట్టు తొడిగి నిలబెట్టాం. దాని నెత్తిన టోపీ నాదే. ఏదో ఒకటి చూడమన్నది ఈయన. మనిషిని తీసేసింది మీరు."

ఆఫీసరు బిస్కెట్ల వైపు చూస్తున్నాడు.

"సరే, చేతులు దించి మాట్లాడు."

"దించితే రమ్మన్నట్టు సార్."

భుజాలు లాగుతున్నాయి. ఈ ఉద్యోగం ఈ గది గుమ్మం దాటదని ఆయనకు తెలుసు. కిటికీ అవతల మరో విమానం వెనక్కి కదులుతోంది. దాని ఎడమ రెక్క దగ్గర నారింజ జాకెట్టు ఒకటి, వానలో, కదలకుండా నిలబడి ఉంది.