ఒరియోర్డ్ మాక్రుహి బడి

మాక్రుహి మా బడికి వచ్చింది 1953 అక్టోబరులో. ఇస్తాంబుల్‌లోని సమత్యా పేటలో రైలు పట్టాలకు ఎగువ వీధిలో ఉండేది మా షిరిన్యన్ ఆర్మేనియన్ ఉన్నత పాఠశాల. కిటికీ తెరిస్తే సముద్రం కనిపించేది, చేపల వాసన లోపలికొచ్చేది. నేను అప్పుడు ఆరో తరగతి. దూరాన తూర్పున సివాస్ కొండల్లోని ఊళ్లు తిరిగి, 1915 ఊచకోతల తర్వాత అక్కడ మిగిలిపోయిన ఆర్మేనియన్ల పిల్లల్ని వెతికి తెచ్చే ఫాదరు ఒకాయన ఉండేవాడు. ఆయన ఆ పన్నెండేళ్ల పిల్లను మా తరగతి గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాడు. కాళ్లకు ఉన్ని మేజోళ్లు, మగపిల్లల బూట్లు.

మాస్టారు ఆర్మేనియన్‌లో పేరు అడిగారు. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తిన్నావా అని అడుగుతున్నారనుకుంది.

"ఆకలి లేదు సామీ, దారిలో రొట్టె తిన్నా," అంది టర్కిష్‌లో, పల్లెటూరి యాసతో.

తరగతంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రానికి ఆమెకు, కొండల్లోంచి వచ్చిందని, 'కుర్దుపిల్ల' అని పేరు పెట్టేశాం. వారం రోజులు ఊరుకుంది. ఎనిమిదో రోజు అన్నం గదిలో చెంచా కింద పెట్టి లేచి నిలబడింది.

"మా ఊళ్లో నన్ను గావూరుదానా, మతం లేనిదానా అని రాళ్లు వేసేవోళ్లు. ఇక్కడేమో కుర్దుదాన్ని అంటన్నారు. నేనెవరో మీరంతా కూచుని ఒక మాటనుకుని చెప్పండి. అదే ఉంటా."

ఎవరూ నవ్వలేదు.

బడి పైఅంతస్తులో, ఊళ్ల నుంచి తెచ్చిన ఆడపిల్లలకు పడకలుండేవి. మాక్రుహి అక్కడే ఆరేళ్లు ఉంది. మన ఆర్మేనియన్ ముప్పై ఎనిమిది అక్షరాలనూ ఆ పిల్ల ఆబగా నేర్చుకుంది. ఇస్తాంబుల్‌లో పుట్టిన మేము ఇంట్లో సగం టర్కిష్ కలిపి మాట్లాడేవాళ్లం. ఆమె కలపదు. మూడేళ్లకు భాషలో మొదటి మార్కు ఆమెదే. పెద్ద చదువు చదివి, 1964లో అదే బడికి ఆర్మేనియన్ టీచరుగా వచ్చింది. మా బడుల్లో టీచరమ్మను ఒరియోర్డ్ అంటారు, మాస్టారునైనా గుమాస్తానైనా బారన్ అంటారు. ఆమెకు ఒరియోర్డ్ అన్న పిలుపు చాలు, వేరే ఏదీ అక్కర్లేదన్నట్టు ఉండేది. పెళ్లి చేసుకోలేదు. నేను అప్పటికే అక్కడ గుమాస్తాను. పిల్లల పేర్లు ఎక్కించే హాజరు పట్టీ నా చేతిలో ఉండేది.

ఏటేటా పిల్లలు తగ్గుతూ వచ్చారు. ఒకరు పారిస్, ఒకరు లాస్ ఏంజెలస్. పైగా సర్కారు కొత్త నిబంధన పెట్టింది. పిల్లవాడి తల్లిదండ్రులు ఆర్మేనియన్లని జనాభా పుస్తకంలో రాసి ఉంటేనే మా బడిలో చేర్చుకోవాలి. మా హెడ్మాస్టారు పక్కన సర్కారు వేసిన టర్కిష్ ఉపప్రధానోపాధ్యాయుడు కూర్చునేవాడు. ఆయన సంతకం లేకుండా ఏ కాగితమూ కదలదు. అప్పట్లో ఉన్నాయన పేరు నెజ్దెత్ బే, బే అంటే గారు. చెడ్డవాడు కాదు. కీళ్లనొప్పులు. ఎవరి జోలికీ వెళ్లేవాడు కాదు.

ఏటా వేసవిలో మాక్రుహి ఆ ఫాదరులాగే పిల్లల కోసం ఊళ్లు తిరిగేది. 1978 వేసవిలో సివాస్ వెళ్లి అన్న కూతురిని వెంటబెట్టుకొచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. ఇంట్లో పేరు షుషాన్. కాగితాల్లో సుల్తాన్, అక్కడ ఆడపిల్లలకూ పెట్టే పేరు. అన్న ఎప్పుడో ఊళ్లో బతకలేక మతం మార్చుకున్నాడు. గుర్తింపు కార్డులో ఆయన పేరు బెకిర్, మతం ఇస్లాం.

"రాయి," అంది నా బల్ల ముందు నిలబడి.

"ఏం రాయను ఒరియోర్డ్? ఈ కార్డు చూశారా?"

"పిల్లను చూడు. కార్డు కాదు."

"పిల్లను చూసి రాస్తే నన్ను పోలీసులు చూస్తారు."

"ఆర్డాషెస్, నువ్వూ నేనూ ఒక బెంచీ మీద చదువుకున్నాం. ఒక్క గీత గియ్యి. నీ చెయ్యేం అరిగిపోదు."

"నాకు ఇద్దరు పిల్లలున్నారు."

ఆమె కార్డు వెనక్కి తీసుకుంది. పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. నేను రాయలేదు.

మర్నాటి నుంచి షుషాన్ ఆమె తరగతిలో చివరి బెంచీలో కూర్చుంది. పట్టీలో ఇరవై పేర్లు, గదిలో ఇరవై ఒక్క తలకాయలు. అందరికీ తెలుసు. నెజ్దెత్ బే ఆ గది ముందు నుంచి నడిచేటప్పుడు గోడవైపు చూసేవాడు. ఒకసారి నాతో, "నా కళ్లు ఈ మధ్య సరిగా కనబడడం లేదు బారన్," అన్నాడు. మంచుకాలం అలా గడిచింది. జనవరిలో వచ్చే మా ఆర్మేనియన్ల క్రిస్మస్‌కు మా ఆవిడ అనుషాబూర్ చేసింది. గోధుమలూ ఎండు ఆప్రికాట్లూ వేసిన ఆ పాయసం గిన్నెతో తీసుకెళ్తే, షుషాన్ రెండు చేతులతో అందుకుని మన భాషలో చక్కగా కృతజ్ఞతలు చెప్పింది. ఒక్క తప్పు లేదు. మాక్రుహి మొహం చూడాలి ఆ రోజు. అంత సంతోషం ఆమెలో అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మార్చిలో తనిఖీకి సర్కారు మనిషి వచ్చాడు. ముందే కబురు లేదు. పట్టీ అడిగాడు. నేనే తీసి ఇచ్చాను. అది పట్టుకుని సరాసరి మాక్రుహి తరగతికి వెళ్లి తలలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"చివర కూర్చున్న అమ్మాయీ, నీ పేరు?"

షుషాన్ లేచి నిటారుగా నిలబడింది. అలా నిలబడమని నేర్పింది మాక్రుహే.

"షుషాన్ అండీ."

"ఈ పట్టీలో షుషాన్ లేదే. కార్డులో ఏముంది?"

పిల్ల మేనత్త వైపు చూసింది. అబద్ధం చెప్పడం ఆమె నేర్పలేదు.

"సుల్తాన్ అండీ."

"అమ్మా, మీరు ముస్లిం పిల్లకు ఏం నేర్పుతున్నారు ఇక్కడ?" అన్నాడాయన మాక్రుహితో. గొంతు పెంచలేదు.

"వాళ్ల నాయనమ్మ భాష నేర్పుతున్నాను," అంది ఆమె.

ఆ ఒక్క వాక్యం కాగితం మీద చాలా దూరం వెళ్లింది. మాక్రుహిని ఏడాది పాటు తరగతికి రానివ్వలేదు. నెజ్దెత్ బేను ఎక్కడికో బదిలీ చేశారు. వెళ్లేముందు ఆయన నా గదికొచ్చి చేయి కలిపి, మోకాలు పట్టుకుని వెళ్లిపోయాడు. షుషాన్‌ను వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. హైదర్‌పాషా స్టేషన్‌కు నేనూ వెళ్లాను.

"బిడ్డకు ఆశ పెట్టావు చెల్లీ," అన్నాడు అన్న. "ఇప్పుడది అక్కడి పిల్లలతోనూ కలవదు."

"నాకు రాయి షుషాన్. మన అక్షరాల్లో రాయి," అంది మాక్రుహి కిటికీ దగ్గర.

"రాస్తా అత్తా."

రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అన్న నుంచి ఒకటి, టర్కిష్‌లో: పుస్తకాలు పంపొద్దు, పోస్టుమాన్ చూస్తున్నాడు, నలుగురూ అడుగుతున్నారు.

ఏడాది తర్వాత మాక్రుహి తిరిగి తరగతిలోకి వచ్చింది. పాఠం బాగానే చెప్పేది. కానీ వేసవిలో ఊళ్లు తిరగడం మానేసింది. అప్పటికే ఊళ్లలోనూ ఎవరూ లేరు. పై అంతస్తు పడకలు తీసేశారు. తరగతికి పద్నాలుగు మంది, తొమ్మిది మంది, అయిదుగురు. 1993లో చివరి తరగతిలో ముగ్గురే మిగిలారు. వాళ్లకు పట్టాలిచ్చి బడి మూసేశాం. ఆ ముగ్గురిలో ఒక పిల్ల, "ఇంట్లో ఎవరితో మాట్లాడను ఒరియోర్డ్? అమ్మకు రాదు," అని అడిగింది. "నాకు ఫోన్ చెయ్యి," అంది మాక్రుహి. ఆ పిల్ల చేయలేదు. చిన్నపిల్ల, ఎందుకు చేస్తుంది?

మరుసటి ఏడు ఆమె ఎవరికీ చెప్పకుండా సివాస్ వెళ్లింది. తిరిగొచ్చాక మా ఇంట్లో టీ తాగుతూ చెప్పింది. షుషాన్‌కు ముగ్గురు పిల్లలు. తలుపు తీయగానే "అత్తా" అని పట్టుకుని ఏడ్చిందట. బుల్గర్ గోధుమరవ్వ వండి, పెరుగు వేసి పెట్టిందట. తింటుండగా పెద్దకూతురు బడి నుంచి వచ్చింది.

"ఎవరమ్మా ఈవిడ?"

"ఇస్తాంబుల్ టీచరమ్మ. దారి తప్పి వచ్చింది," అని షుషాన్ చెప్పిందట.

"మీరేం మాట్లాడలేదా?" అని అడిగాను.

"పిల్ల నోటుబుక్కు తెచ్చి చూపించింది. దస్తూరీ బాగుంది అన్నాను. లేచి వచ్చేటప్పుడు షుషాన్ వీధి మలుపు దాకా వచ్చి, చెవిలో ఒక మాట చెప్పింది. మన భాషలోనే. 'మళ్లీ రావొద్దు అత్తా' అని." కప్పు కింద పెట్టి అంది, "ఉచ్చారణ తప్పు లేదు ఆర్డాషెస్."

మా ఆవిడ టీ మళ్లీ పోసింది. మాక్రుహి తాగలేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. సమత్యాలో ఒక గదిలో ఒంటరిగా ఉండేది. ఆదివారం చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. నేను ఒకే ఒక్కసారి ఆ పట్టీ సంగతి ఎత్తాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. "నువ్వు రాసి ఉన్నా ఆ మనిషి కార్డు అడిగేవాడే," అంది. అది నిజమే. ఆ నిజం నాకు ఎప్పుడూ పనికిరాలేదు.

2003 ఫిబ్రవరిలో న్యుమోనియాతో పోయింది. మంచు పడుతోంది. శ్మశానానికి ఏడుగురం వెళ్లాం, ఫాదరుతో కలిపి. సివాస్‌కు నేను కబురు పంపలేదు. రావొద్దన్న వాళ్లను రమ్మని ఏమని రాయను?

సమాధి రాతి మీద పేరు నేనే కాగితం మీద రాసిచ్చాను. మేస్త్రీకి మన అక్షరాలు రావు, చూసి బొమ్మలా చెక్కాడు. మధ్యలో ఒక అక్షరం తలకిందులైంది. బాగుందా బాబాయ్ అని అడిగాడు.

బాగుందన్నాను.