మలుపు దగ్గర హారను

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ బస్సు హారను మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. కడపలో మా వీధి మలుపు దగ్గరికి రాగానే, ఇంకా ఎవరూ కాఫీ కూడా తాగకముందే, దూడ కనపడని బర్రెలా అరుస్తుంది. ఆ బస్సులోనే ఏళ్ల తరబడి ఉద్యోగానికి వెళ్లాను కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు.

తర్వాత నాకొక నరాల జబ్బు వచ్చింది. నాకంటే ముందు నా కాళ్లు సెలవు పెట్టాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి గోడ పట్టుకుని నడిచాను. గోడ బాగా సహకరించింది. చూడ్డానికి వచ్చినవాళ్ల గురించి అంత గట్టిగా చెప్పలేను. బద్వేలు నుంచి వచ్చిన మా మామ ఒకాయన, "మా తోడల్లునికీ ఇదే వచ్చిండె, భయపడొద్దు" అని ధైర్యం చెప్పాడు.

"ఇప్పుడెట్లుండాడు మామా?"

ఆయన కాసేపు ఫ్యాను వైపు చూసి, "టీ శానా బాగుండాది" అన్నాడు.

చివరికి డాక్టరు పనికి వెళ్లొచ్చన్నారు. ఫ్యాక్టరీలో నాది కంట్రోల్ రూములో తెరల ముందు కూర్చునే పని. దానికి కాళ్లతో పెద్దగా అవసరం లేదు. చిక్కల్లా బస్సు మెట్లతోనే. అందరూ చూస్తుండగా ఎక్కలేక కూలబడితే, లేదా నలుగురూ కలిసి సిమెంటు మూటలా ఎత్తి లోపలేస్తే, ఇక ఆ ఉద్యోగానికి వెళ్లనని నాకు తెలుసు. రాజీనామా వాక్యాలు మనసులో చక్కగా కుదిరాయి కూడా.

మా ఆవిడ పోరు పడలేక కర్నూలులో ఒక మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఏదో కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసి రిటైరయ్యారు. జబ్బుపడి లేచినవాళ్లకు మళ్లీ పనిలో నిలబడే దారి చూపిస్తుంటారు. రిపోర్టుల సంచీ విప్పబోతే వద్దన్నారు.

"అవి డాక్టరుకు సూపించుకో. పొద్దున లేస్తానే నీకు గుర్తొచ్చేది ఏమి?"

"హారను మేడమ్. నేను పోకపోయినా మా మలుపులో రోజూ కొడ్తానే ఉండాడు."

"సూడప్పా, ఆ డ్రైవరు నిన్నింకా లెక్కలోనే పెట్టుకోనుండాడు. నువ్వే నీ పేరు కొట్టేసుకుంటాండావు."

ఆ మాట నాలో ఎక్కడో కూర్చుంది.

ఆమె ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడి, కొన్నాళ్లు ఒంటిపూట పనికి ఒప్పించారు. నాకు మాత్రం వింత పని పెట్టారు. రోజూ డ్యూటీ బట్టలు వేసుకుని, టిఫిన్ క్యారియరు పట్టుకుని మలుపు దగ్గర నిలబడాలి. బస్సు వస్తే ఎక్కకూడదు. అది పోయాక ఇంటికొచ్చి, మా గడప మెట్లు ఎక్కి దిగి, ఆ క్యారియరు ఇంట్లో కూర్చుని తినాలి.

బస్సు ఆగేది. నేను పొమ్మని చెయ్యి ఊపేవాణ్ని. కొన్నాళ్లు చూసి, నా పక్క సీటు సహోద్యోగి మా ఆవిడకు ఫోన్ చేశాడు. "వదినా, అన్నకు జబ్బు కాళ్లలో నుంచి తలకాయికి గాని ఎక్కిందా?"

"అదేం లేదు, ముందునుంచీ అంతే" అందట.

కాళ్లు కుదురుకున్నాక మేడమ్ ఫోన్లో చెప్పారు. "రేపు ఎక్కప్పా. ఎవరన్నా చెయ్యి ఇస్తే పట్టుకో. లేకుంటే వాళ్లు బాధపడ్తారు."

మర్నాడు హారను మోగింది. తలుపు తెరుచుకుంది. నేను కమ్మీ పట్టుకున్నాను. రెండో మెట్టు మీద మోకాలు వణికింది. బస్సంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. నా సహోద్యోగి కిందికి వంగి, నా చెయ్యి కాదు, క్యారియరు అందుకున్నాడు. మిగిలిన మెట్టు నేనే ఎక్కాను.

"అన్నా, దీంట్లో చిత్రాన్నమేనా?" అన్నాడు, మూత వాసన చూస్తూ. అంతటితో బస్సులో మళ్లీ మాటలు మొదలయ్యాయి.

ముందు సీట్లో కూర్చున్నాను. ఊరు దాటేసరికి గుండెల మీద నుంచి ఏదో దిగిపోయినట్టుంది. దూరాన ఎర్రగుంట్ల దుమ్ము కనపడితే, జీవితంలో మొదటిసారి, బాగుందనిపించింది. ఆ ఊపులో హారను మీద నా పాత ఫిర్యాదు కూడా రద్దు చేసుకుని, డ్రైవరు వైపు వంగాను.

"అన్నా, ఇన్నాళ్లూ నేను రాకపోయినా నాకోసం హారను కొట్టినావు. మర్చిపోలేను."

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. గేరు మార్చాడు.

"నీకోసరమా? ఆ మలుపు అవతల నడిరోడ్లో ఒక కుక్క పండుకోనుంటాదప్పా. అది లేస్తేనే గదా బండి తిరిగేది."