మామ్మగారిని నిలదీయడానికి యూటా వెళ్ళాను

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఎర్ర కొండల దగ్గర ఫొటోలు దిగే యూటా ప్రయాణం కాదు. నేషనల్ పార్కుల వివరాల కోసం వచ్చినవాళ్ళు వేరే బ్లాగు చూసుకోవచ్చు, నేనేమీ అనుకోను. నేను వెళ్ళింది సాల్ట్ లేక్ సిటీకి దక్షిణంగా రెండు గంటల దూరంలో ఉన్న ఎఫ్రాయిమ్ అనే చిన్న ఊరికి. అక్కడ ఎనభై రెండేళ్ళ పెద్దావిడ ఒకరున్నారు. మా అమ్మ టీ బండి మూయించింది మీరేనా అని ఆవిణ్ణి మొహం మీదే అడగాలని వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్న నా గొంతులో చేపముల్లులా ఉంది.

సంగతేమిటంటే, మేము మోర్మన్లం, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్ళం. రాజమండ్రిలో మోర్మన్లేమిటి అని మీరు నోరు తెరిస్తే తప్పు లేదు, మా వీధివాళ్ళకే చివరిదాకా అర్థం కాలేదు. ఎంత చెప్పినా విని, ఆఖర్న "అంటే ఆర్సీఎమ్మా?" అని క్యాథలిక్కుల్లో కలిపేసేవారు. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ సత్యవతి బస్ కాంప్లెక్స్ దగ్గర టీ బండి నడిపేది. నాకు ఆరున్నరేళ్ళప్పుడు, ఉద్యోగాల నుంచి రిటైరైన అమెరికా దంపతులు ఏడాదిన్నరపాటు చర్చి తరఫున సేవ చేయడానికి మా ఊరొచ్చారు. ఆవిడ పేరు మార్గరెట్. మేము మామ్మగారు అనేవాళ్ళం, ఆయన్ని తాతగారు. వీధి మాత్రం ఇద్దర్నీ కలిపి దొరలు అనేది. అమ్మ వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకుంది. మా విశ్వాసంలో టీ, కాఫీ తాగకూడదు. అమ్మ తాగడం మానేసింది కానీ అమ్మడం మానలేదు. మా దగ్గర పిల్లలకి ఎనిమిదేళ్ళు నిండాక బాప్తిస్మం ఇస్తారు. నాకు ఇచ్చిన నెలలోనే బండి మూతపడింది. అమ్మ ఒక హాస్టల్లో గిన్నెలు తోమడానికి చేరింది.

"దొరలొచ్చారు, బండి ఎత్తించేశారు" అంది వీధంతా. అమ్మ ఔననలేదు, కాదనలేదు. నేను నమ్మేశాను. నమ్ముతూనే ప్రతి ఆదివారం నిలబడి "దేవుడికి వందనాలు, మా సంఘానికి వందనాలు" అని చిలకలా చెప్పాను. పెద్దయ్యాక ఆ వందనాలు నోట్లో తిరగడం మానేశాయి. రెండేళ్ళ క్రితం అమ్మ పోయింది. గిన్నెల పౌడర్‌కి పగిలిన ఆ చేతులు పట్టుకుని, దేనికి కృతజ్ఞత చెప్పాలి నేను? ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు.

ఈ వసంతంలో మామ్మగారు మూడోసారి ఫోన్ చేశారు. "మే మొదటి ఆదివారానికి రా అమ్మాయీ. చీర పిన్నులు తీసుకురా, మర్చిపోకు" అన్నారు. అంతే, నాకు అనుమానం పట్టుకుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అని అమ్మ ఊరికే అనలేదు నన్ను. చీర కట్టించి, వాళ్ళ చర్చిలో నిలబెట్టి, "చూడండి, ఇండియాలో మేము ఉద్ధరించిన పిల్ల" అని చూపించబోతున్నారన్నమాట! లేదా నేను చర్చికి వెళ్ళడం లేదని ఎవరో చేరవేసి ఉంటారు. కాలిఫోర్నియా డబ్లిన్‌లో నా రూమ్మేట్ పద్మజది వరంగల్. దానిది ఇంకో థియరీ. "గా ముసలామె ఇంట్ల పెండ్లి కాని మనవడున్నడేమో అడిగినవా? నీకు సంబంధం చూస్తున్నట్టుంది పో!" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ కోణం నాకు తట్టనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

టికెట్ ఓక్లాండ్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి రానూపోనూ నూట నలభై డాలర్లు. శనివారం పొద్దున మొదటి ట్రైన్‌లో డబ్లిన్ నుంచి బయల్దేరి ఎనిమిదిన్నర ఫ్లైట్ అందుకున్నాను. అక్కడ టైమ్ కాలిఫోర్నియాకంటే ఒక గంట ముందుంటుంది కాబట్టి దిగేసరికి పదకొండుంపావు. రోజుకి యాభై ఐదు డాలర్లకి చిన్న కారు బుక్ చేశాను. ఇంటర్‌స్టేట్ పదిహేను మీద దక్షిణంగా గంట డ్రైవ్ చేస్తే స్పానిష్ ఫోర్క్ వస్తుంది. అక్కడ తప్పకుండా ఆగండి. యూటాలో ఎక్కువమంది మోర్మన్లే, కాఫీ తాగని జనం కదా, వీధికొక సోడా షాపు ఉంటుంది. సోడాలో కొబ్బరి సిరప్, క్రీమ్ కలిపి ఐదు డాలర్లకి చేతిలో పెడతారు. కౌంటర్‌లో ఉన్న పిల్ల నాకు చిన్న కప్పులో రుచి చూపించింది.

"తీపి ఎక్కువైంది, సిరప్ సగం తగ్గించు" అన్నాను.

"ఒక్క గుక్కకే చెప్పేశారే!" అని కళ్ళు పెద్దవి చేసింది.

ఎందుకు చెప్పను? అమ్మ టీ మానేశాక బండి దగ్గర రుచి చూసింది ఎవరనుకున్నారు? నేనే. బాప్తిస్మం కాని పిల్లకి నియమం వర్తించదు కదా. తెల్లారి అయిదింటికి స్టూలు ఎక్కి మొదటి గ్లాసు నేను తాగి "చక్కెర ఇంకో గరిటె" అంటే అమ్మ వేసేది. నా జీవితంలో నేను అనుభవించిన పెద్ద అధికారం అదే. "ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరింటికి?" అని ఆ పిల్ల వరసగా అడిగింది. ఇదంతా నీకెందుకమ్మా అనుకుంటూ, చుట్టాలింటికి అని అబద్ధం చెప్పి వచ్చేశాను.

స్పానిష్ ఫోర్క్ దగ్గర ఫ్రీవే దిగి ఆరో నంబరు రోడ్డు పట్టుకుని కొండల మధ్యకి వెళ్ళాలి. కొంత దూరం పోయాక ఎనభై తొమ్మిదో నంబరు రోడ్డు కుడివైపు చీలుతుంది. ఆ మలుపు దాటాక ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత లోయ విప్పుకుంటుంది. మేలో కూడా కొండల నెత్తిన మంచు, కింద పచ్చిక, గొర్రెలు, పొడవాటి టర్కీ కోళ్ళ షెడ్లు. అందంగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ నేను చూడలేదు. అడగాల్సిన మాటని ఇంగ్లీషులో పదిసార్లు ప్రాక్టీస్ చేస్తూ రెండున్నరకి మామ్మగారి ఇంటి ముందు కారు ఆపాను.

"బాగున్నావా? అన్నం తిన్నావా?" అని తలుపు దగ్గరే తెలుగులో అడిగారు. ఆవిడకి మిగిలిన తెలుగు ఆ రెండు ముక్కలూ, 'చాలు చాలు' అన్నదీ. మిగతావన్నీ ఇంగ్లీషులో అన్నారు, నేను తెలుగులో రాస్తున్నాను. తాతగారు పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ నడుం వంగింది, చూపు మాత్రం అదే. టేబుల్ మీద మూడు ప్లేట్లు కనబడ్డాయి. అదిగో మనవడు, అనుకున్నాను. మూడోది పక్కింటావిడ కోసమట. డెబ్బై ఏళ్ళావిడ, మోకాళ్ళ నొప్పని రానేలేదు. చీజ్‌లో ఉడికించిన బంగాళాదుంపల మీద కార్న్ ఫ్లేక్స్ చల్లి బేక్ చేశారు. ఈ ఊళ్ళో చావింటికి కూడా ఇదే వండి తీసుకెళ్తారట. ఉప్పు తక్కువ, వెన్న ఎక్కువ, కానీ రెండుసార్లు వడ్డించుకున్నాను.

"బాగా తిను. రేపు ఉపవాసం, మళ్ళీ మధ్యాహ్నం దాకా ఏమీ ఉండదు" అన్నారు. మా దగ్గర నెలలో మొదటి ఆదివారం అలాగే. ఆ రోజు చర్చిలో ప్రసంగాలుండవు, ఎవరికి తోస్తే వాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. అంటే దేవుడు తమకి చేసిన మేలు చెప్పి కృతజ్ఞత తెలుపుకోవడం. ఆ ఆదివారమే నన్ను రమ్మన్నారంటే!

"రేపు నన్ను చీరలో నిలబెట్టి మాట్లాడమంటారా మామ్మగారూ?" అని అడిగేశాను.

"నిన్నా? నువ్వు ప్యాంటు వేసుకుని రా, నాకేం! చీర నాకు." లోపల్నుంచి ఎర్ర అంచు నీలం నేత చీర తెచ్చారు. "మేము తిరిగొచ్చేటప్పుడు మీ అమ్మ పెట్టింది. ఒక్కసారైనా చర్చికి కట్టుకెళ్ళాలని నా కోరిక. ఎలా కట్టాలో మర్చిపోయాను. ఒకసారి కట్టి చూపించు."

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి పోయి, హాస్టల్లో అంట్లు తోముతూ, వీళ్ళకి కొత్త చీర కొని పెట్టిందా అమ్మ? మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుతూ, తలెత్తకుండానే అడిగాను. ప్రాక్టీస్ చేసిన ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"మా అమ్మ బండి మూయించింది మీరేనా?"

ఆవిడ జారుతున్న చెంగుని భుజం మీద పట్టుకున్నారు.

"మేము కాదు. ఆయనైతే మీ అమ్మతో వాదించారు కూడా. నువ్వు తాగకూడదు గానీ అమ్ముకోవచ్చు సత్యవతీ, బండి ఉంచుకో అని."

"మరి ఎందుకు మూసేసింది?"

"మీ అమ్మ బతికుండగా చెప్పబోమని మాటిచ్చాం." ఆవిడ చెయ్యి నా తల మీద పెట్టారు. "నీ బాప్తిస్మం ఆదివారం అయింది. సోమవారం పొద్దున ఎప్పట్లాగే నీకు గ్లాసు ఇచ్చిందట. నువ్వు తాగనన్నావట. ఇప్పుడు నేను కూడా మాటిచ్చాను కదా అన్నావట. ఏడింటికి మీ అమ్మ మా ఇంటికొచ్చింది, నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆ తర్వాత రుచి చూసేవాళ్ళు లేరు. ఒకరోజు చక్కెర రెండుసార్లు పడింది, ఒకరోజు పడనే లేదు. జనం పక్క బండికి పోయారు. ఎవరినైనా పెట్టుకో అన్నాం. జీతం ఎక్కణ్ణుంచి ఇస్తుంది? పోనీ పిల్లనే అడుగు, దేవుడు క్షమిస్తాడు అని నేనే అన్నాను. నా మీద కోప్పడింది. పిల్ల మాట నిలబెట్టుకుంటే తల్లి చెడగొడుతుందా అంది."

"వీధంతా మిమ్మల్ని తిట్టింది."

"తెలుసు. ఆయన మీద ఎవరో పేడ నీళ్ళు కూడా పోశారు. దొరలే మూయించారనుకోనివ్వండి, పిల్లకి మాత్రం తెలియకూడదు అని మీ అమ్మ చేతులు పట్టుకుని అడిగింది. ఆయన సరేనన్నారు."

నేను నమ్మలేదు. నిజం చెప్తున్నాను, నమ్మలేదు. సంగతి తెలిసిన ముగ్గురిలో ఇద్దరు పోయారు, ఇక ఆవిడ ఏం చెప్పినా చెల్లుతుంది. మొగుడి మీద నింద కడిగేసుకోవడానికి అల్లిన కథేమో అనిపించింది. "మీరు కల్పించి చెప్తున్నారేమో నాకెలా తెలుస్తుంది?" అని పైకే అన్నాను.

"తెలియదు. అనుమానం ఉంటే ఉంచుకో. కుచ్చిళ్ళు మాత్రం గట్టిగా పెట్టు, రేపు జారితే పరువు పోతుంది" అన్నారు ఆవిడ.

ఆదివారం తొమ్మిదింటికి చర్చి. నడిచి పది నిమిషాలు. ఊళ్ళో ఒక్క షాపు తెరిచి లేదు. ఎనభై రెండేళ్ళ తెల్లావిడ నీలం చీరలో నడుస్తుంటే అందరూ ఆగి ఆగి పలకరించారు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. దానికీ ఉక్రోషం వచ్చింది, చూడండి నా బుద్ధి! ప్రభు సంస్కారం కింద రొట్టె, నీళ్ళు పంచడం అయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒక రైతు వాన కోసం కృతజ్ఞత చెప్పాడు, ఒకావిడ ఆపరేషన్ గురించి. తర్వాత ముందు పన్ను ఊడిన పాప ఒకతె మైకు దగ్గరికొచ్చింది. నిన్ననే బాప్తిస్మం అయిందట. గడ్డం పైకెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, "నేను దేవుడికి మాటిచ్చాను" అంది.

ఆ చేతులు చూశాను. నా చేతులు గుర్తొచ్చాయి.

స్టూలు మీద నిలబడి చేతులు వెనక్కి పెట్టుకున్నాను. గ్లాసు నా మొహం ముందు పొగలు కక్కుతోంది. "నువ్వు తాగవుగా, నేనెందుకు తాగాలి?" అన్నాను. గొప్పగా అన్నాను, పక్క బండివాళ్ళు కూడా వినాలని. అమ్మ "సరేలే తల్లీ" అని గ్లాసు వెనక్కి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చక్కెరకి వాసన ఉండదు. అలా వాసన చూడటం మామ్మగారు చెప్పింది కాదు, ఆవిడకి తెలియదు. అమ్మకీ నాకూ మాత్రమే తెలుసు. నేను మర్చిపోయాను, అమ్మ మర్చిపోలేదు.

నన్నెవరూ పిలవలేదు. నేనే లేచి వెళ్ళాను. "రాజమండ్రిలో మా అమ్మకి టీ బండి ఉండేది. అది నా వల్ల మూతపడింది. నాకు తెలియకూడదని మా అమ్మ ఆ నింద ఇద్దరు పరాయివాళ్ళ మీద పడనిచ్చింది. వాళ్ళు ఈ ఊరివాళ్ళే. మోశారు" అన్నాను. ఇంకా ఏదో అనబోయి ఏడ్చేశాను, చిన్నపిల్లలా, వెక్కి వెక్కి. అక్కడ ఎవరికీ ఏమీ అర్థమై ఉండదు. మామ్మగారికి అర్థమైంది. నేను వచ్చి కూర్చోగానే చెంగుతో నా మొహం తుడిచారు.

మళ్ళీ చర్చికి వెళ్తున్నావా అని కామెంట్లలో అడగకండి, ఇంకా తేల్చుకోలేదు. కానీ ఒకటి తెలిసింది. ఇన్నాళ్ళూ కృతజ్ఞత అంటే మనకి ఏదో ఇచ్చినవాళ్ళకి చెప్పేది అనుకున్నాను. మన బదులు తిట్లు తిని, మనం బాగా నిద్రపోవాలని నోరు మూసుకున్నవాళ్ళు కొందరుంటారు. వాళ్ళు మనకి చెప్పరు కాబట్టి మనమూ వాళ్ళకి చెప్పం. తాతగారికి చెప్పే వీల్లేదు. అమ్మకీ లేదు. నేను ఆయన్ని అనుమానిస్తూనే ఉన్నాను, ఆయన మాత్రం పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కి మాకు కార్డు పంపుతూనే ఉన్నారు, నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఇలాంటి ఊళ్ళకి పెద్దవాళ్ళని చూడటానికి వెళ్తుంటే తిరుగు టికెట్ ఆదివారానికి కాకుండా సోమవారానికి బుక్ చేసుకోండి. నేను ఆదివారం సాయంత్రానికి చేసుకున్నాను. దాన్ని మార్చుకోవడానికి డెబ్బై ఐదు డాలర్లు పోయాయి. ఆ ఒక్క రోజంతా మామ్మగారు మా అమ్మ గురించి నాకు తెలియనివి చెబుతూనే ఉన్నారు, నేను ఒక్కదాన్నీ అనుమానించలేదు.