జర ఆముదం

మా అత్తను కింద పడేసింది నేనే. చెయ్యి వేయలేదు, మాట కూడా అనలేదు. నేల తుడిచాను, అంతే. ఆ ఘోరం ఎట్లా జరిగిందో వినండి.

నిజాం కాలం. పెళ్లైన కొత్తలో పాలమూరులో మాకు కిరాయికి దొరికింది టేకు పలకల నేల ఉన్న మేడగది. పోచంపల్లిలో పేడతో అలికిన నేల మీద పెరిగిన నాకు, ఎవరిదో మంచం మీద నడుస్తున్నట్టుండేది. అంతలో రామన్నపేట నుంచి అత్త కబురు పంపింది: "పిల్లకు సంసారం చేతనైతదో లేదో వచ్చి చూస్త. చేతకాకుంటే నా ఎంట తోలుకపోత."

ఆయనను విడిచి ఉండాలనే మాటకే నాకు అన్నం దిగలేదు. నేల అద్దంలా మెరిపించాలని, కింద ఉండే ఇంటామె బీబమ్మను అడిగాను.

"నీళ్లు పోయకు బేటీ, చెక్క ఉబ్బుతది. పిండిన బట్టతోని తుడువు. ఆరినంక జర అవిసె నూనె రాసి, పొడి బట్టతోని గట్టిగ రుద్దు."

"జర అంటే ఎంత బీబమ్మా?"

"జర అంటే జరనే!"

ఇంట్లో అవిసె నూనె లేదు, ఆముదం ఉంది. నూనెకు నూనెకు తేడా ఏముంటుంది? పైగా మాది, రంగు గట్టిగా పట్టాలని నూలును ఆముదంలో, బూడిద నీళ్లలో నానబెట్టి కాళ్లతో తొక్కే నేతగాళ్ల ఇల్లు. పోగుకే అంత తాగిస్తే, ఇంత లావు టేకుకు ఎంత తాగించాలి! డబ్బా బోర్లించాను. బూడిద కూడా చల్లి, పాట పాడుతూ తొక్కాను. టేకు మాత్రం గుక్కెడు కూడా తాగలేదు, నూనంతా పలకల సందుల్లోంచి కిందికి కారింది.

కింద నుంచి బీబమ్మ కేక వినిపించింది. "బేటీ! వంట చేస్తున్నవా, మా నెత్తి మీద పోపు పెడుతున్నవా?"

బట్ట కోసం పరుగెత్తబోయేంతలో తలుపు తెరుచుకుంది. జొన్నపిండి మూటతో అత్త, వెనక ఆయన.

"ఇల్లు మంచిగనే మెరుస్తాంది," అంటూ అత్త లోపల అడుగు పెట్టింది.

నూనె రాసుకుని ఎంత పొర్లినా అంటేదే అంటుతుందంటారు. మా అత్తకు రాసుకునే శ్రమ కూడా లేకుండా చేశాను. గడప దగ్గర జారి, ఎదుటి గోడ దగ్గర ఆగింది. "అమ్మా!" అని లేపబోయిన ఆయన పక్కనే కూలబడ్డాడు. మూట విడిపోయి పిండి ఇద్దరినీ తెల్లగా చేసింది.

"ఓరి కొడుకా, ఈ పిల్ల నన్ను రొట్టె చేస్తాందిరా!"

వైద్యుడు వచ్చి, ఎముక విరగలేదు, కొన్నాళ్లు మెట్లు దిగొద్దన్నాడు. నన్ను తోలుకపోవడానికి వచ్చినామె మా దగ్గరే ఉండిపోయింది. మళ్లీ ఆముదం తెప్పించి, వెచ్చజేసి రోజూ ఆమె నడుముకు రాసేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని, తాను కొత్త కోడలిగా అంబలి మాడ్చిన కథలు చెప్పేది. ఇద్దరం నవ్వేవాళ్లం. అంత మంచి రోజులు నాకు మళ్లీ రాలేదు.

ప్రయాణం నాడు భయపడుతూ అడిగాను. "అత్తమ్మా, నేను గూడ మూట కట్టుకోవాల్నా?"

"నిన్ను ఇంటికి తోలుకపోతే ఇంకో నడుము యాడికెళ్లి తెచ్చుకోవాలె? ఈడనే ఉండు తల్లీ!"

ఇప్పుడు అత్త లేదు. ఆముదం వాసన తగిలితే ముందు నవ్వొస్తుంది, ఆ వెంటే ఏడుపొస్తుంది. అందుకే మా పుట్టింటి మగ్గం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో నేల మీద ఆముదం పోయను. పోయక తప్పకపోతే, జర పోస్తాను.