స్వీడన్ బేరింగు, హాజరీ కాక

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి అంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. కంప్యూటర్ డిగ్రీ చేతికొచ్చి ఏడాదైనా కాలేదు. జోగిపేట నుంచి పటాన్‌చెరుకు రోజూ బస్సులో వచ్చిపోతూ, కిటికీ పక్క సీటు దొరికిన రోజున దేశంలోని కంప్యూటర్లన్నీ నా మాట కోసమే ఎదురు చూస్తున్నాయన్నంత ధీమాగా కూర్చునేదాన్ని. పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆరు నెలల ట్రైనింగ్. బాగా చేస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. (మా అమ్మ అప్పటికే ఖాయమైందని వాడంతా చెప్పుకొని వచ్చింది. ఇంటికి పోవడానికి నాకు దారి లేకుండా చేసింది, మహాతల్లి.)

ఆ ఫ్యాక్టరీలో నాలుగు వందల పన్నెండు మంది పనివాళ్ళు. వాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, బస్సెక్కే చోటు, అన్నీ ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఒక పెద్ద రిజిస్టర్లో ఉండేవి. దాన్ని రాసేది హాజరీ కాక. గేటు పక్క గదిలో కూర్చుని అందరి హాజరు వేస్తూ, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో పాతికేళ్ళుగా రాస్తున్న మనిషి. గేటుకి కొత్త కార్డులు ఇవ్వాలని, వాటి మీద పేర్లు తెలుగులోనే ఉండాలని పనివాళ్ళు పట్టుబట్టారు. అందుకని ఆ పేర్లన్నీ క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో కిరాయికి తీసుకున్న జాగాలో, దాచే పని నాకు అప్పగించారు.

"ఏడుంటయి బిడ్డా మనోళ్ళ పేర్లు?" అని అడిగాడు కాక.

"ముంబైల కాకా."

"మంచిదే. మనోళ్ళల్ల సగం మంది సంగారెడ్డి దాటలే, పేర్లన్న ముంబై సూస్తయి. ఇంతకు అండ్ల మన అచ్చరాలు పడ్తయా?"

"అన్నీ పడ్తయి కాకా, పరేషాన్ కాకు," అన్నాను. అడిగిన వాళ్ళకు జవాబు చెప్పడం తప్ప, ముందు కనుక్కోవడం అనే అలవాటు అప్పటికి నాకు లేదు.

పేర్లు దాచే పెట్టెలాంటి కొత్త డేటాబేస్ తెరవగానే అది రెండు ప్రశ్నలు వేసింది. ఏ భాషల అక్షరాలు దాచుకోవాలి? పేర్లను ఏ భాష వరుసలో పేర్చాలి? కింద చాంతాడంత జాబితా. అందులో ముందుగానే టిక్కు పెట్టి ఉన్నది స్వీడిష్ (ఆ సాఫ్ట్‌వేర్ పుట్టింది స్వీడన్‌లోనట, తర్వాత తెలిసింది). పటాన్‌చెరులో స్వీడన్ ఏమిటా అని నాకూ అనుమానం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. లేచి వెళ్ళి మేనేజర్‌ని అడిగాను. ఆయన్ని అందరూ చాటుగా ఫారిన్ సార్ అనేవారు. దిగుమతి సరుకంటే ఆయనకు ప్రాణం.

"స్వీడన్‌దా?" అన్నారు, ముఖం వెలిగిపోయింది. "మన పెద్ద లేత్ మిషన్‌ల బేరింగులు ఆడివే. ఇరవై ఏండ్లాయె, ఒక్కనాడు సప్పుడు చెయ్యలే. కండ్లు మూసుకొని అదే పెట్టు."

నేను కళ్ళు తెరిచే ఉంచి అదే పెట్టాను. పరీక్షకు నా పేరు ఒకసారి వేసి చూశాను, ఇంగ్లీషులో. బ్రహ్మాండంగా వచ్చింది. ఆ తర్వాత మూడు వారాలు, రోజుకు ఇరవై పాతిక పేర్లు తెలుగులో కొట్టాను. కొట్టి నొక్కితే 'సేవ్ అయింది' అని పచ్చగా వచ్చేది, మూలన లెక్క ఒకటి పెరిగేది. ఆ లెక్క చూసి మురిసిపోవడమే తప్ప, లోపలికి పోయిన పేరును మళ్ళీ బయటికి తీసి చూద్దామన్న బుద్ధి పుడితే ఒట్టు. బుధవారం నాడు నాలుగు వందల పన్నెండు పూర్తయింది. ఎంట్రీ కాగానే పాత కాగితాలు తుక్కుకు వేయమన్నారు ఫారిన్ సార్. నేనే స్వయంగా, విజయగర్వంతో, ఆ ఎర్ర రిజిస్టర్‌ను గోనెసంచిలో వేసి మూతి కట్టాను. కాక ఆ ముడి ఒకసారి తడిమి చూశాడు. మర్నాడు తుక్కు బండి సంచులన్నీ ఎత్తుకుపోయింది.

శుక్రవారం పొద్దున మొదటి కార్డు ప్రింటు తీశాను. ఫొటో ఉంది, నంబరు ఉంది, పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. రెండోది, అంతే. పదోది, అంతే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, స్వీడిష్ టిక్కు పెట్టిన ఆ పెట్టెకు తెలుగు రాదని, రాని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టుకుందని, దాని వెనక అసలు పేరు ఎక్కడా లేదని చల్లగా చెప్పారు. రేపటితో ట్రైనింగ్ అయిపోతుంది, పేర్లు ముంబైలో లేవు, రిజిస్టర్ తుక్కులో పోయింది. ఏం చేయాలో తోచక కాక గదికి వెళ్ళి, ఎదురుగా స్టూలు మీద కూలబడి ఏడ్చాను. ఏడుపు మధ్యలోనే మొత్తం చెప్పాను.

కాక నిదానంగా విన్నాడు. ఆయన రెండు రోజులుగా కుర్చీలో కాస్త ఎత్తుగా కనిపిస్తున్నాడని అప్పుడు గమనించాను. లేచి నిలబడ్డాడు. కుర్చీలో, మడత పెట్టిన తువ్వాల కింద, ఎర్ర రిజిస్టర్.

"నువ్వు కట్టిన మూట నేనే ఇప్పిన," అన్నాడు. "దీని జాగల పాత క్యాలెండర్లు ఏసి మల్ల కట్టిన. కొత్త కుండల నీళ్ళు ఒకదినమన్న నిలిచినంక పాత కుండ పారేస్తం గాని, అంతకుముందే పారేస్తమా బిడ్డా?"

ఆ రిజిస్టర్‌ను నేను రెండు చేతులా పట్టుకున్న తీరు చూసి కాక నవ్వాడు. హమ్మయ్య అనే మాట ఎంత పెద్దదో ఆ రోజే నాకు తెలిసింది. అన్ని భాషల అక్షరాలూ పట్టే అమరికతో కొత్త డేటాబేస్ తెరిచాను. కాక చదవడం, నేను కొట్టడం. ఉత్తగా చదివితే కాక ఎలా అవుతాడు. "నర్సింలు, జిన్నారం. ఈయన రెండో నర్సింలు, చాయ్‌ల చక్కెర ఏసుకోడు," అంటూ ఒక్కొక్కరి కథతో చదివాడు. ప్రతి పేరూ సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నాను. ఆ రాత్రంతా కూర్చుంటే, శనివారం మధ్యాహ్నానికి నాలుగు వందల పన్నెండూ నిండుగా, ఒత్తులతో సహా కనిపించాయి.

అప్పుడు అనుమానం వచ్చి అడిగాను. "కాకా, ఇందుల నీ పేరేది?"

"అందరి హాజరు ఏసేటోడు తనది తాను ఏసుకుంటడా? నన్నెవ్వరు అడగలే," అన్నాడు, అదేదో మామూలు సంగతైనట్టు. నాలుగు వందల పదమూడో పేరుగా కాక పేరు కొట్టాను.

ఫారిన్ సార్ వచ్చేసరికి కార్డులు బల్ల మీద ఉన్నాయి. దాచిపెట్టే బుద్ధి పుట్టక జరిగింది చెప్పేశాను. "సార్, స్వీడన్‌ది మనకు పడలే." ఆయన కార్డులు ఒక్కొక్కటే తిప్పి చూశారు. "బేరింగైతే పడుతుండె," అన్నారు చివరికి. "హెడ్డాఫీసుల మాత్రం స్వీడన్ మాట ఎత్తకు." ఉద్యోగం ఖాయమంటూ నా ట్రైనింగ్ కాగితం మీద సంతకం పెట్టారు. అమ్మ చెప్పిన అబద్ధం ఆరు నెలలు ఆలస్యంగా నిజమైంది.

కాక పోయి ఇప్పటికి నాలుగేళ్ళు. నేను ఉద్యోగాలు మారాను, ఎన్నో డేటాబేస్‌లు తెరిచాను. ఆ రెండు ప్రశ్నలూ ఇప్పటికీ వస్తాయి. కిటికీ సీటు పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఏ పేరూ వేయకముందు, పరీక్షకు ఒక్క పేరు తెలుగులో కొట్టి, మూసి, మళ్ళీ తెరుస్తాను. కాక నిండుగా కనిపిస్తాడు. ఆయన హాజరు వేసుకుని పని మొదలుపెడతాను.